మూడు రోజుల బస్సు ప్రయాణం

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొద్దటి నుంచి లెక్కలు విన్నాం. పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి బకాయి ఎంత అని అందరం విన్నాం. మాకు ఇచ్చిన అంశం ఆడపిల్లల చదువు, ఆటలు. చదువు గురించి మాట్లాడేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. అందుకని మేము ఆట గురించే మాట్లాడతాం. మాలో ఎవరమూ తొక్కుడుబిళ్ల, ఖోఖో దాటి ఇంకో ఆట ఆడినవాళ్లం కాదు. ఈ ప్రసంగం రాసింది కూడా పదో తరగతి చదివిన చెయ్యి. తప్పులుంటే మన్నించండి.

ముందుగా మా సంఘం చేసిన ఒక తప్పు చెప్పుకోవాలి. అది చెప్పకుండా మిగతాది చెప్తే అబద్ధం చెప్పినట్టు అయితది.

రెండేళ్ల కిందట, వానాకాలం నాట్లప్పుడు, మా సంఘంలో ఒక అక్క మీటింగులో అంతర్గత అప్పు అడిగింది. పదిహేను వందల రూపాయలు. ఆమె బిడ్డకు అప్పుడు పదమూడేళ్లు. బడిలో ఫుట్‌బాల్ ఆడుతుంది. జిల్లా జట్టు సెలక్షన్లకు పిలిచారు. బస్సు చార్జీలు, ఒక రాత్రి ఉండే ఖర్చు, కాళ్లకు బూట్లు, అన్నీ కలిపి ఆ పదిహేను వందలు. అక్క లెక్క కాగితం మీద రాసుకుని తెచ్చింది. మేము పదిమందిమి ఆ కాగితం చూసి ఏమన్నామో చెప్తాం వినండి.

ఒకరు, "ఆటతోని పొట్ట నిండుతదా?" అన్నారు. ఇంకొకరు, "పెద్దమనిషి అయ్యే పిల్ల నిక్కరేసుకుని మొగపిల్లల లెక్క ఉరుకుడేంది?" అన్నారు. ఇంకొకరైతే, "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట" అని నవ్వారు. అందరం నవ్వాం. అంతకుముందు నెలలోనే ఒకరి ఇంట్లో పెళ్లికి చీరలు పెట్టడానికి ఐదువేలు ఇచ్చాం, దానికి ఎవరూ నోరెత్తలేదు. ఈ పదిహేను వందలకు మాత్రం 'ఆటలకు అప్పు ఇవ్వబడదు' అని తీర్మానం రాశాం. తీర్మాన పుస్తకంలో ఆ పేజీ ఇప్పటికీ ఉంది. కింద పది సంతకాలు. అప్పు అడిగిన అక్క కూడా సంతకం పెట్టింది. ఆమె పెట్టకపోతే కోరం సరిపోదని మేమే పెట్టించాం.

పిల్ల సెలక్షన్లకు పోలేదు. కొన్నాళ్లు మేం ఎదురుపడితే పక్క సందులోకి మళ్లేది. ఆమె లెక్కల నోటుబుక్కు అట్ట మీద ఒక బొమ్మ అతికించి ఉండేది. పసుపు అంగీ, వీపున 10 నంబరు, జుట్టు వెనక్కి కట్టుకున్న ఒక ఆడమనిషి. ఒకరోజు మేమే పిలిచి, "ఎవరే ఈమె, ఏ సినిమాలో చేసింది?" అని అడిగాం. పిల్ల మమ్మల్ని పైనుంచి కిందికి చూసి, "మార్తా" అంది. అంతే చెప్పి పోయింది. తర్వాత బడిలో పీఈటీ సారును అడిగితే కొంత చెప్పారు. మా ఇళ్లలో పిల్లల ఫోన్లలో ఆమె ఆటలు చూశాం. చూసినకొద్దీ మా తీర్మానం పేజీ గుర్తొచ్చింది. ఆ మార్తా మొదటి రోజుల గురించే ఇప్పుడు మీకు చెప్తాం. తర్వాత ఆమె చాలా పెద్ద పేరు తెచ్చుకుంది. ఆ పేరు కంటే మనకు పనికొచ్చేది ఆమె చేతిలో ఏమీ లేని రోజుల ముచ్చట.

మార్తా వియేరా ద సిల్వా 1986 ఫిబ్రవరి 19న బ్రెజిల్ దేశంలో పుట్టింది. ఆ దేశానికి ఈశాన్యంలో అలగోవాస్ అనే రాష్ట్రం ఉంది. అందులో దోయిస్ రియాషోస్ అనే చిన్న ఊరు. ఆ మాటకు వాళ్ల భాషలో 'రెండు వాగులు' అని అర్థమట. పేరులోనే నీళ్లున్నాయి కానీ ఆ ప్రాంతమంతా కరువు సీమ. పైకి చూసి వాన కోసం బతికే ఊళ్లు. మన దగ్గర చెరువు పేరు పెట్టుకుని చుక్క నీళ్లు లేని ఊళ్లు ఎన్ని లేవు, అట్లాంటిదే.

మార్తా ఏడాది పిల్లగా ఉన్నప్పుడే తండ్రి ఇల్లు విడిచి పోయాడు. తల్లి పేరు తెరెజా. నలుగురు పిల్లలు. మార్తానే చివరిది. తెరెజా పొద్దున పోతే రాత్రికి గానీ ఇల్లు చేరని పని చేసి నలుగురినీ సాకింది. ఇక్కడ కూర్చున్నవాళ్లలో తెరెజాలు ఎంతమంది ఉన్నారో మాకు తెలుసు. చేతులెత్తమని అడగం.

ఆ ఊళ్లో మొగపిల్లలు వీధిలో బంతి తన్నుతుంటే మార్తా వాళ్లతో కలిసి ఆడేది. కాళ్లకు చెప్పుల్లేవు. బంతి కొనే డబ్బులెక్కడివి? సరుకులు తెచ్చిన ప్లాస్టిక్ సంచులను ఉండగా చుట్టి దాన్నే బంతి చేసుకుని ఆడారు. మన పిల్లలు పాత గుడ్డలు, సైకిల్ ట్యూబు ముక్కలతో బంతి చుట్టుకున్నట్టే. పిల్ల పొట్టిది, ఎడమ కాలి వాటం. ఆ ఎడమ కాలితో బంతిని పట్టుకుంటే పెద్ద పిల్లలకు కూడా దొరికేది కాదు. ఊళ్లో ఆడపిల్ల అనేది ఆమె ఒక్కతే ఆడేది. మాటలు పడింది. మన దగ్గర 'మగరాయుడు' అంటాం చూడండి, అట్లాంటి మాటలే.

ఆ మాటల వెనక పెద్ద సంగతి ఉంది. ఫుట్‌బాల్ అంటే బ్రెజిల్, బ్రెజిల్ అంటే ఫుట్‌బాల్ అని లోకమంతా అంటుంది. ఆ దేశంలో 1941లో ఒక చట్టం చేశారు. ఆడవాళ్ల స్వభావానికి సరిపడని ఆటలు ఆడవాళ్లు ఆడకూడదని అందులో రాశారు. ఫుట్‌బాల్ కూడా ఆ లెక్కలోకే వచ్చింది. ఆ నిషేధం 1979 దాకా ఉంది. 38 ఏళ్లు. అంటే మగవాళ్ల జట్టు మూడుసార్లు ప్రపంచ కప్పు గెలిచిన కాలమంతా అక్కడి ఆడవాళ్లు మైదానంలో బంతి ముట్టుకుంటే నేరం. నిషేధం తీసేసిన ఏడేళ్లకు మార్తా పుట్టింది. కాగితం మీద చట్టం పోయింది. మనుషుల నోళ్లలో అది అట్లనే ఉంది. మన ఊళ్లో ఆడపిల్లలు ఆడొద్దని ఎవరూ చట్టం చేయలేదు. మేము మాత్రం తీర్మానం చేశాం.

మార్తా మొగపిల్లల జట్టులో చేరి చుట్టుపక్కల పోటీలకు పోయేది. ఒకసారి పోటీల్లో అవతలి జట్టు కోచ్ వచ్చి, ఈ ఆడపిల్ల ఆడితే నా జట్టును వెనక్కి తీసుకుపోతానని పట్టుబట్టాడు. నిర్వాహకులు ఆ పిల్లనే ఆపేశారు. ఆమె తప్పు చేసిందని కాదు, బాగా ఆడుతుందని. ఈ ముచ్చట విన్నప్పుడు మా సంఘంలో ఒక అక్క అంది, "ఓడిపోతమని భయమైనప్పుడే ఆడపిల్ల అన్న సంగతి యాదికొస్తది వీళ్లకు" అని.

ఆ ఊళ్లో ఉంటే ఇక ఆడే దారి లేదు. ఆడవాళ్ల జట్టు ఉన్నది దూరాన, రియో డి జనీరో నగరంలో. అక్కడ వాస్కో డ గామా అనే పెద్ద క్లబ్బు ఉంది. అవును, మనం సోషల్ పాఠంలో చదువుకున్న వాస్కో డ గామాయే. ఆయన పేరే ఆ క్లబ్బుకు పెట్టారు. క్లబ్బు అంటే ఏమిటో ఒక ముక్క చెప్పాలి, ఎందుకంటే మాకు మొదట అర్థం కాలేదు. మన దగ్గర ఆట అంటే బడి జట్టు, జిల్లా జట్టు, రాష్ట్ర జట్టు. ఆ దేశాల్లో క్లబ్బులు ఉంటాయి. వాటికి సొంత మైదానం, కోచ్‌లు, ఆటగాళ్లు ఉంటారు. చిన్న వయసు నుంచే పిల్లలను పరీక్ష పెట్టి తీసుకుంటారు. బాగా ఆడితే ఒప్పందం రాసుకుని జీతం ఇస్తారు. ఆట ఆడి జీతం తీసుకుని, దానితో బతికేవాళ్లనే ప్రొఫెషనల్ అంటారు. ఒప్పందం గడువు అయిపోతే మళ్లీ రాసుకోవాలి, లేదా ఇంకో క్లబ్బు వెతుక్కోవాలి. ఒక రకంగా కాంట్రాక్టు ఉద్యోగం.

ఆ క్లబ్బులో పరీక్షకు పోవాలి. దోయిస్ రియాషోస్ నుంచి రియోకు దగ్గరదగ్గర 2,000 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీ దాకా పోయి, ఢిల్లీ దాటి ఇంకా ముందుకు పోయినంత. బస్సులో మూడు రోజులు. మార్తాకు అప్పుడు 14 ఏళ్లు. ఆ పిల్ల బస్సెక్కింది. సాగనంపిన తల్లికి బిడ్డ మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు, అక్కడ తీసుకుంటారో లేదో తెలియదు.

ఇక్కడ మా సంఘంలో పెద్ద చర్చే జరిగింది. పద్నాలుగేళ్ల ఆడపిల్లను అంత దూరం పంపడం మంచిదా అని. మేమైతే పంపమని చెప్పం. పంపాల్సి వస్తే వెంట ఒకరు పోవాలి. ఎక్కడ ఉంటుంది, ఎవరి దగ్గర ఉంటుంది, రాత్రి తలుపుకు గడియ ఉందా అని చూసిరావాలి. మార్తాకు మంచే జరిగింది కాబట్టి అందరికీ మంచే జరుగుతుందని అనుకోలేం. కానీ తెరెజా తప్పు చేసిందా అంటే మాకు తప్పనిపించలేదు. ఆమెకు వెంట పోవడానికి సెలవు ఎవరిస్తారు? పనికి పోకుంటే మిగతా పిల్లలు ఏం తింటారు? ఆమె చేతిలో ఉన్నవి రెండే. పొమ్మనడం, వద్దనడం. పొమ్మంది. మా అక్క కూడా పొమ్మనే అంది బిడ్డను. వద్దన్నది మేము.

రియోలో ఆడపిల్లల జట్టును చూసే కోచ్ హెలెనా పచేకో అనే ఆడమనిషి. ఇది గమనించాలి. చుట్టూ మగవాళ్ల లోకంలో ఆ పిల్లను పరీక్ష చేసి చూసింది ఒక ఆడమనిషి. కొత్త ఊరు, కొత్త మనుషులు, మార్తా మాట చాలా తక్కువ. కానీ బంతి కాలికి దొరికాక ఇంకెవరూ పరిచయం చేయాల్సిన పని లేకపోయింది. తీసుకున్నారు. 2000 సంవత్సరంలో ఆమె వాస్కో ఆటగత్తె అయింది.

కథ ఇక్కడ ఆపేస్తే బాగుంటుంది, సినిమాలో అయితే ఇక్కడ పాట వస్తుంది. కానీ రెండేళ్లకే ఆ క్లబ్బు ఆడవాళ్ల జట్టును మూసేసింది. డబ్బుల ఇబ్బంది వస్తే ముందు కోత పడేది ఆడవాళ్ల మీదే. మగవాళ్ల జట్టు అట్లనే ఉంది. ఈ మాట విన్నప్పుడు మా అందరికీ ఒకటే గుర్తొచ్చింది, ఇంట్లో ఫీజు ఒకరికే కట్టగలిగితే ఎవరిది ఆగుతుందో. పదహారేళ్ల పిల్ల, అమ్మకు 2,000 కిలోమీటర్ల దూరాన, జట్టు లేకుండా నిలబడింది.

ఇంటికి పోలేదు. మినాస్ జెరైస్ అనే ఇంకో రాష్ట్రంలో సాంటా క్రూజ్ అనే చిన్న క్లబ్బుకు పోయింది. అక్కడ రెండేళ్లు ఆడింది. ఆ రెండేళ్ల గురించి ఎవరూ ఎక్కువ చెప్పరు. పెద్ద మైదానాలు లేవు, టీవీలు లేవు. ప్రతిరోజూ పోవడం, ఆడడం, రావడం. మన పొదుపు లాంటిది. నెలనెలా కట్టే చిన్న మొత్తం, పుస్తకంలో ఒక గీత. మేము ఈ రెండేళ్లనే ఎక్కువ గౌరవిస్తాం. బస్సెక్కిన రోజు ధైర్యం ఉంటే చాలు. జట్టు మూతపడ్డ తర్వాత కూడా పొద్దున్నే లేచి మైదానానికి పోవాలంటే దానికి వేరే గుండె కావాలి.

2003లో ఆడవాళ్ల ప్రపంచ కప్పు జరిగింది. అసలు చైనాలో జరగాల్సింది. అప్పుడు అక్కడ సార్స్ అనే జబ్బు వ్యాపించడంతో అమెరికాకు మార్చారు. బ్రెజిల్ జట్టులో మార్తాకు చోటు దొరికింది. 17 ఏళ్లు. ఆ పోటీల్లో మూడు గోల్స్ చేసింది. క్వార్టర్ ఫైనల్‌లో బ్రెజిల్ 2-1తో స్వీడన్ చేతిలో ఓడిపోయింది. బ్రెజిల్ చేసిన ఆ ఒక్క గోల్ మార్తాదే, పెనాల్టీ. ఓడిపోయిన జట్టులోని పిల్లను గెలిచిన దేశం వాళ్లు గుర్తుపెట్టుకున్నారు. మరుసటి ఏడాది మొదట్లో స్వీడన్ క్లబ్బు ఒకటి ఆమెను పిలిపించింది. ఆ క్లబ్బు ఊరు ఊమెయో.

ఊమెయో అంటే స్వీడన్‌లో ఉత్తరాన, రాజధాని నుంచి ఆరు వందల కిలోమీటర్లు పైకి. చలికాలంలో నీళ్లు గడ్డకట్టే చలి. మధ్యాహ్నానికే చీకటి పడుతుంది. కరువు సీమలో ఎండకు కాలిన నేల మీద చెప్పుల్లేకుండా ఆడిన పిల్ల మంచు మీదికి పోయింది. భాష రాదు. అప్పుడే పద్దెనిమిదేళ్లు నిండుతున్నాయి. మేము మెదక్ నుంచి ఢిల్లీకి ట్రైనింగ్‌కు పోయినప్పుడు ఆ చలికి, ఆ హిందీకి రెండో రోజే ఇల్లు గుర్తొచ్చి ఏడ్చిన అక్కలం ఇక్కడే ఉన్నాం. అందుకే ఆ సంగతి మాకు బాగా అర్థమైంది.

కానీ ఆ ఊళ్లో ఒకటి ఉంది, ఆమె పుట్టిన దేశంలో లేనిది. ఆడవాళ్ల ఆటకు నమ్మకంగా నడిచే పోటీలు, నెలనెలా వచ్చే జీతం, ఆడవాళ్ల ఆట చూడటానికి టికెట్టు కొని వచ్చే జనం. ఊమెయో జట్టు అప్పటికే ఐరోపాలో మంచి జట్టు. మార్తా పోయిన ఏడాదే, 2004లో, ఐరోపా ఆడవాళ్ల క్లబ్బుల కప్పు ఫైనల్‌లో జర్మనీకి చెందిన ఫ్రాంక్‌ఫర్ట్ జట్టును రెండు ఆటల్లో కలిపి 8-0తో ఓడించింది. అదే ఏడాది ఏథెన్స్ ఒలింపిక్స్‌లో బ్రెజిల్ ఆడవాళ్లు ఫైనల్ దాకా పోయి అమెరికా చేతిలో అదనపు సమయంలో ఓడి వెండి పతకం తెచ్చుకున్నారు. 2005 నుంచి 2008 దాకా వరుసగా నాలుగేళ్లు స్వీడన్ లీగ్ ఊమెయోదే. 2006లో ప్రపంచంలోనే మేటి క్రీడాకారిణి అన్న ఫిఫా అవార్డు మార్తాకు వచ్చింది. అప్పుడు ఆమెకు 20 ఏళ్లు. ఆ తర్వాత 2010 దాకా ప్రతి ఏడాదీ ఆమెకే, మళ్లీ 2018లో ఇంకోసారి. ప్రపంచ కప్పుల్లో 17 గోల్స్ చేసింది. ఆడ, మగ ఎవరూ అన్ని చేయలేదు అప్పటికి. భాష రాదన్న పిల్ల ఆ భాష నేర్చుకుంది, 2017లో స్వీడన్ పౌరురాలు కూడా అయింది.

ఇంకో చిన్న మాట చెప్పి ముందుకు పోతాం. 2019 ప్రపంచ కప్పులో ఆమె ఏ కంపెనీ గుర్తూ లేని నల్ల బూట్లు వేసుకుని ఆడింది. వాటి మీద ఆడ, మగ సమానమన్న గుర్తు మాత్రమే ఉంది. గోల్ చేసి ఆ బూటును వేలితో చూపించింది. అంత పేరొచ్చిన మనిషికి కూడా మగ ఆటగాళ్లకు ఇచ్చేదానికి ఎంతో తక్కువ ఇస్తామన్నారు కంపెనీలు, ఆ ధరకు ఆమె ఒప్పుకోలేదు. నాట్ల కూలి దగ్గర మగ కూలికి ఒక లెక్క, మనకొక లెక్క కట్టినప్పుడు ఈ బూట్లు గుర్తు చేసుకోవచ్చు.

ఇంత దూరం చెప్పాక కొందరు అక్కలు అనుకుంటారు, ఇది బ్రెజిల్ కథ, మనకెక్కడిది అని. మన నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ గుగులోతు సౌమ్య పేరు విన్నారా? 2001లో పుట్టింది. వ్యవసాయ కుటుంబం. మొదట పరుగు పందేల్లో ఉండి తర్వాత ఫుట్‌బాల్‌కు వచ్చింది. దేశం జట్టుకు ఆడింది. 2022లో మధ్యప్రదేశ్ అమ్మాయి జ్యోతి చౌహాన్‌తో కలిసి ఐరోపాలో క్రొయేషియా దేశానికి పోయి డైనమో జాగ్రెబ్ క్లబ్బుతో ఒప్పందం చేసుకుంది. తిరిగి వచ్చి కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు ఆడింది. 2024-25 సంవత్సరానికి దేశంలో మేటి మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణిగా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఎంచుకుంది. వాళ్లదీ సమాఖ్యే, చూడండి. తండా అంటే మనకు ఎట్ల తెలుసో అట్లాంటి తండానే. ఆ పిల్లనూ ఎవరో ఒకరు మొదటిసారి బస్సెక్కించే ఉంటారు గదా.

ఈ ఇద్దరి ముచ్చట్లు తెలుసుకున్నాక మా సంఘం మళ్లీ కూర్చుంది. పోయిన సంక్రాంతి తర్వాత మీటింగు అది. పాత తీర్మానం పేజీ తీసి చదివాం. చదివేటప్పుడు ఎవరూ నవ్వలేదు. పిల్లకు పదిహేనేళ్లు వచ్చాయి. ఆట మానలేదు, బడి మైదానంలో ఒక్కతే గోడకు బంతి తన్నుకుంటూ ఆడుతూనే ఉంది. ఈ ఏడాది మళ్లీ సెలక్షన్లు ఉన్నాయని పీఈటీ సారు చెప్పారు.

చర్చ అయితే సుళువుగా తెగలేదు. ఒక అక్క అడిగింది, "పొయ్యి ఓడిపోయొస్తే అప్పెట్ల కడతరు?" అని. దానికి ఇంకో అక్క, ఏనాడూ మీటింగులో నోరు తెరవని మనిషి, "నా బర్రె చచ్చిపోయినా నేను కడుతలేనా?" అంది. అందరికీ నోరు పడిపోయింది. ఆమె బర్రె అప్పు ఇంకా ఏడు కిస్తులు ఉంది. నిజమే, మనం బర్రెకు అప్పిచ్చేటప్పుడు అది బతికి తీరుతుందని రాయించుకోలేదు. ఎరువులకిచ్చేటప్పుడు వాన పడి తీరుతుందని రాయించుకోలేదు.

ఇంకొకరు అడిగింది కూడా న్యాయమైన ప్రశ్నే. "ఆ మార్తా జట్టు మూసేసినట్టు రేపు ఈమెను కూడా తీసేస్తే?" అందుకే పదో తరగతి పరీక్షలు పోకుండా చూసుకోవాలని, ఆట పేరు మీద చదువు మానిపించొద్దని తల్లితో మాట తీసుకున్నాం. ప్రతి ప్రయాణానికి సంఘం నుంచి ఒకరు వెంట పోవాలని, ఉండే చోటు ముందుగా ఫోన్ చేసి తెలుసుకోవాలని రాసుకున్నాం. ఎవరైనా ఏదైనా ఒప్పందం కాగితం ఇస్తే చదివించుకోకుండా సంతకం పెట్టొద్దని కూడా రాశాం. ఈ చివరి ముక్క మా సొంత అనుభవం నుంచి వచ్చింది. ఒక చిట్టీ కంపెనీ దగ్గర చదవకుండా సంతకాలు పెట్టి నష్టపోయిన వాళ్లం మాలో నలుగురం ఉన్నాం.

రెండున్నర వేలు ఇచ్చాం. రెండేళ్లలో బూట్ల ధర పెరిగింది, బస్సు చార్జీ పెరిగింది. నూటికి రూపాయి వడ్డీ, ఐదు కిస్తులు. వడ్డీ వద్దందామని కొందరు అన్నారు. అక్క ఒప్పుకోలేదు. "ధర్మం వద్దు, అప్పే ఇయ్యుండ్రి" అంది. ఆ మాట మాకు నచ్చింది. పంచసూత్రాల్లో అంతర్గత అప్పు, సక్రమ చెల్లింపు అని ఊరికే చదువుతాం కదా, ఆమె ఆ రెంటికీ నిలబడింది.

పొద్దున ఐదు గంటల బస్సు. చలి బాగా ఉంది. మేము ఆరుగురం బస్టాండుకు పోయాం. పిల్ల సిగ్గుపడి మా ముఖాలు చూడలేదు. వెంట పోయిన అక్కకు ఫుట్‌బాల్ అంటే ఓనమాలు తెలియవు. వచ్చాక చెప్పింది, "ఎవ్వలు ఎటు ఉరుకుతున్నరో నాకర్థం కాలే, మన పిల్ల ఎటు ఉరికితే నేనటే చూసిన" అని. మొదటి రోజు పిల్లను ఆడనిచ్చారు, రెండో రోజుకు కూడా ఉంచారు. చివరి జాబితాలో పేరు రాలేదు, స్టాండ్‌బైలో వచ్చింది. అంటే ఎవరికైనా దెబ్బ తగిలితే పిలుస్తారట. మాలో కొందరికి మనసు చిన్నబోయింది. పిల్లకు మాత్రం కాలేదు. ఇంటికొచ్చిన మర్నాడు మళ్లీ గోడ దగ్గర బంతి చప్పుడు వినబడింది.

ఈ మహాసభ ముందు మేము ఒక కోరిక పెడుతున్నాం. గ్రామ సంఘాల అప్పుల పట్టికలో చదువు, ఆరోగ్యం, వ్యవసాయం, పశువులు, చిన్న వ్యాపారం అని గడులున్నాయి. ఆటలకు గడి లేదు. మేము ఈ రెండున్నర వేలను 'ఇతరములు' అన్న గడిలో రాయాల్సి వచ్చింది. వచ్చే ఏడాది నుంచి ఆడపిల్లల ఆటలకు, సెలక్షన్ల ప్రయాణాలకు ఒక గడి పెట్టాలని సమాఖ్యను అడుగుతున్నాం. ఏ ఊళ్లో ఎంతమంది ఆడపిల్లలు ఆటలాడుతున్నారో, సెలక్షన్లు ఎప్పుడున్నాయో గ్రామ సంఘం సమావేశంలో ఒకసారైనా చదివి వినిపించాలని కూడా అడుగుతున్నాం. ఈ మాట మీ మీ సంఘాల్లో పెట్టి, కాదంటే కాదని, ఔనంటే ఔనని మాకు చెప్పండి.

అక్క మూడు కిస్తులు కట్టింది. నాలుగోది వచ్చే నెల 5వ తారీఖున.